కోరస్‌కు ఒక దండం

ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం ఘట్‌కేసర్‌లో మా గల్లీ స్పీకర్ మోగగానే ఆడోళ్ల చేతులు వాటంతటవే చప్పట్లకు లేస్తాయి. మోగేది 2021లో వచ్చిన ‘అల్లిపూల వెన్నెల’. ఆ పాట మిట్టపల్లి సురేందర్ రాశారు, ఏ.ఆర్. రెహమాన్ సంగీతమిచ్చారు. ఆ పేర్లు అందరికీ తెలుసు.

నా ప్రాణం మాత్రం వెనక అందుకునే కోరస్ మీదే. ఒకరు ఎత్తుకోవాలి, గుంపు అందుకోవాలి. అదే బతుకమ్మ పాట. స్టూడియోలో నిలబడ్డ నాలుగు గొంతులే వాకిలి నిండా జనంలా వినపడాలి, అదెంత విద్య! ఇక డప్పు. తేమకు తోలు వదులైతే మోత చచ్చిపోతుంది, అందుకే ముందు మంటకు కాక పెడతారు. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. ఆ రెండు పుల్లల మధ్యే అడుగు పుడుతుంది.

ఈ సద్దుల బతుకమ్మకు పాట పెట్టినప్పుడు, వీడియో కింద రాసిన కోరస్, డప్పు వాళ్ల పేర్లు కూడా ఒక్కసారి చదవండి.