చొక్కా కన్నా గాలి ముఖ్యం

ఆకుల బొమ్మల చొక్కా కొనుక్కుని నల్లమలకు వచ్చేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. బల్మూరు, అచ్చంపేట దాటి గట్టెక్కాక, మార్చి నెలలో ఆకుపచ్చ ఎక్కడుంది? టేకు, నల్లమద్ది ఆకు రాల్చేసి ఉంటాయి, గడ్డి ఎండి ఉంటుంది. ఆ బూడిద, గోధుమ రంగుల మధ్య ముదురాకుపచ్చ మనిషి దూరానికి నల్ల మొద్దులా తేలిపోతాడు. అదే చొక్కా వానల తర్వాతైతే సరిపోతుంది.

వేట మాట ఎత్తకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఆపేసింది. మాటు వేసే విద్య మాత్రం పోలేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పులి జాడ తీసే ట్రాకర్లుగా, వాచర్లుగా చెంచులు పనిచేస్తున్నారు. 2006 నుంచి నాలుగేళ్లకోసారి సాగే పులుల గణనలో, పులికి ఆహారమయ్యే జంతువులనూ లెక్కిస్తారు. తిన్నని దారిలో నడుస్తూ, కనిపించిన దుప్పి ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. మనల్ని చూసి అది ముందే పరుగెత్తితే లెక్క తప్పుతుంది. అందుకే కనబడకుండా నడవడం ఇప్పటికీ కావలసిన పనే.

1940లో ఈ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చూసిన మగవాడి వేషం గోచి, విల్లు, బాణాలు. వేట వీరులని మనం ఊహించుకుంటాం గానీ, వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలూ పండ్లే. అయినా ఆ గోచిలో ఒక తెలివి ఉంది. ముళ్లకు తగులుకునే గుడ్డ లేదు, రాసుకుని చప్పుడు చేసే గుడ్డ లేదు. ఈనాటి నైలాన్ జాకెట్టు చేసే గరగర కణితి చెవికి చాలు. నన్నడిగితే బాగా ఉతికి మెత్తబడ్డ నూలు చొక్కాను మించింది లేదు.

దుప్పి కంటికి ఎరుపు, నారింజ, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. పులి నారింజ ఒళ్లు గడ్డిలో కలిసిపోవడానికి అదీ ఒక కారణం. అమెరికాలో వేటగాళ్లు సాటివాడి తుపాకీ నుంచి కాపాడుకోవడానికి మెరిసే నారింజ రంగు వేసుకుంటారు. జింకకు అది పట్టదు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది కాబట్టి జీన్స్ ఇంట్లో పెట్టాలి. బట్టలను తళతళలాడించే సబ్బుపొడి కూడా వద్దు. అందులోని మెరుపు మందు అతినీలలోహిత కాంతిని నీలంగా మార్చి వెదజల్లుతుంది.

ఇక చొక్కా మీది బొమ్మ సంగతి. అది చిన్నదైతే కొంచెం దూరానికే ఒకే ముద్దగా కలిసిపోతుంది. తల, భుజాల గీతను విరగ్గొట్టేవి పెద్ద మచ్చలే. సైన్యం యూనిఫాంను పోలినవి మాత్రం వద్దే వద్దు. 2022లో వచ్చిన కొత్త నమూనాపై హక్కు సైన్యానిది. పైగా ఈ కొండల్లో ఆలివ్ గ్రీన్ చాలా ఏళ్లు నక్సలైట్ దళాల రంగు. ఊళ్లలో పెద్దవాళ్లకు అది ఇంకా గుర్తే.

ఇంత చేసినా గాలి ఎదురు తిరిగితే అంతా వృథా. బీడీ, కొబ్బరినూనె, సబ్బు వాసనలు మనకన్నా ముందే వెళ్లిపోతాయి. ఎండెక్కాక గాలి వాలు మీదుగా పైకి పాకుతుంది, పొద్దు గూకాక చల్లబడి లోయలోకి దిగుతుంది. పగలు పైనుంచి, సాయంత్రం కిందినుంచి వెళ్లాలి. పొద వెనక నక్కి తల ఎత్తి చూడటం కన్నా, చెట్టు మొదలుకు వీపు ఆనించి కదలకుండా కూర్చోవడం మేలు.

ఒక్క ఎలుగుబంటి దగ్గర ఈ విద్యంతా తలకిందులు. దగ్గరకు వచ్చేదాకా మనిషిని గమనించకపోతే అది బెదిరి మీద పడుతుంది. దాని జాడ తగిలిన చోట గొంతెత్తి మాట్లాడుతూ, కర్రతో చెట్లను తట్టుకుంటూ పోవాలి.