ఫిరంగుల కార్ఖానా గతి

గన్‌ఫౌండ్రీ యను మాట హైదరాబాదు నగరమున ప్రతిదినము వేలకొలది నోళ్ల వినవచ్చుచున్నది. బ్యాంకునకు పోవువారును, పిల్లలను బడికి దింపవచ్చిన తల్లులును, ఆటో నడుపువారును ఆ మాటను పలుకుచునే యున్నారు. అది ఫిరంగులు పోతపోసిన కార్ఖానా యని యెరిగి పలుకువారు మాత్రము మిక్కిలి యరుదు. మేము పాఠము చెప్పు తరగతిలో నొకనాడు ఈ పేరున కర్థమేమని యడుగగా, పిల్లలలో పెక్కుమంది అది బస్సు ఆగు చోటనిరి. ఒక బాలిక మాత్రము, గన్ను అనగా తుపాకి గదా, అక్కడ పూర్వము పోలీసుఠాణా యుండెనేమో యని యూహించినది. ఊహ తప్పైనను, పేరునకు వెనుక నేదో యుండవలెనని యా పిల్లకు తోచినందుకు మేము సంతసించితిమి. పెద్దవారి కా మాత్రము సందేహమైనను కలుగుట లేదు.

మేము కాపురముండు ఎస్.ఆర్. నగరునుండి ఆ చోటికి పోవుట నేడు కష్టము కాదు. 2017 నవంబరులో మా పేటకు మెట్రోరైలు వచ్చెను. 2018 సెప్టెంబరులో అది అమీర్‌పేటను దాటి ఎల్.బి. నగరువరకు సాగెను. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు, లక్డీకాపూల్ అను స్టేషనులు గడచినపిదప అసెంబ్లీ స్టేషనులో దిగి, ఫతేమైదానమువైపు నడచినచో గన్‌ఫౌండ్రీ చేరవచ్చును. ఫతే యనగా విజయము. 1687లో గోలకొండ నౌరంగజేబు పట్టుకొన్నపుడు మొగలు సేన విడిసిన మైదానమగుటచే దాని కా పేరు వచ్చెనందురు. ఇప్పు డచ్చట లాల్‌బహదూరు స్టేడియ మున్నది. దానికి చేరువనే, ఇండ్లకును దుకాణములకును నడుమ, దళసరి గోడలు గల యొక శిథిలము నిలిచియున్నది. దానికి ఉర్దూలో తోప్ కా సాంచా యని పేరు. తోపు ఫిరంగి, సాంచా యచ్చు. ఆంగ్లపు పేరు కార్ఖానాను మాత్రమే చెప్పును. ఈ పేరు అందు జరిగిన పనినే చెప్పుచున్నది.

ఆ పనిని నెలకొల్పినవాడు మిషెల్ జొయాకిమ్ మరీ రేమాన్ అను ఫ్రెంచివాడు. మనవా రతనిని రేమండ్ అందురు. 1755లో గాస్కనీ సీమలో పుట్టి, యౌవనమున పుదుచ్చేరికి వచ్చి, మైసూరున హైదరాలీ కొలువులో కొంతకాలముండి, తుదకు రెండవ ఆసఫ్‌జాహి యగు నిజాము అలీఖాను కొలువులో చేరెను. అప్పటి రాజకీయ స్థితి నెరుగనిదే ఈ కార్ఖానా యేల పుట్టెనో తెలియదు. 1795 మార్చిలో ఖర్దా యుద్ధమున నిజాము మహారాష్ట్రులచేత నోడిపోయెను. ఈస్టిండియా కంపెనీవారు స్నేహితులమని చెప్పుకొనుచునే ఆ యుద్ధమున కదలక కూర్చుండిరి. తన ధనముతో పోషింపబడుచున్న కంపెనీ పటాలములు తన యవసరమునకు రానపుడు వానితో నేమిపని యని నిజాము వానిని పంపివేసి, రేమండు సైన్యమును పెంచెను. కాని యదే సంవత్సరమున కొడుకు ఆలీజాహు తిరుగబడగా మరల కంపెనీవారిని పిలిపింపవలసి వచ్చెను; ఆ తిరుగుబాటు నణచినవాడు మాత్రము రేమండే. ఫిరంగులను పరులయొద్ద కొనువాడు పరులకు లోబడియుండును గనుక ఫిరంగులిచటనే తయారుకావలెనను తలంపు ఆ దినములలో బలపడినది. తోప్ కా సాంచా దానికి ఫలము. 1795 ప్రాంతమున అచ్చట కొలుము లంటింపబడెను.

ఫిరంగి పోయుట యెట్టి పనియో చదువరులకు కొంచెము చెప్పవలసియున్నది. ఏలయన, దీని నెరుగనివారు ఆ గోడలను చూచి పాడుపడ్డ కోటముక్క యని వెడలిపోదురు. ఆ కాలమున కంచు ఫిరంగికి రాగి తొమ్మిదిపదిపాళ్లు, తగరము ఒకపాలు కలిపెడివారు. తగరము తక్కువైనచో లోహము మెత్తబడి గుండు రాపిడికి గొట్టమరిగిపోవును. ఎక్కువైనచో పెళుసెక్కి మందు అంటించినపుడు పగిలి, శత్రువును విడిచి, కాల్చువానినే చంపును. మెత్తగా పిసికిన బంకమన్నుతో అచ్చుచేసి, ఎండబెట్టి, కాల్చి, ఇనుపపట్టీలు బిగించి, కొలిమియెదుటి గోతిలో నోరు పైకుండునట్లు నిలువుగా పాతిపెట్టెడివారు. కాచిన లోహమును కాలువవలె పారించి అచ్చు నిండిన తరువాతను మరికొంత పైన పోసెడివారు. ఆ పైభారమువలన క్రిందిలోహము గట్టిపడి, మురికియు గాలిబుడగలును పైకి చేరును. చల్లారిన పిమ్మట ఆ పైతల నఱకి, గొట్టమును తొలిచెడివారు. అచ్చులో రవంత తేమ మిగిలినను లోహము చిమ్మి చుట్టునున్నవారిని కాల్చివేయును. దినములకొలది సాగిన కష్టము గడియలో వ్యర్థమగుటకు వీలున్న పని యిది. ఐరోపానుండి వచ్చిన అధికారులు కొద్దిమందియే. మన్ను పిసికినవారును, బొగ్గు మోసినవారును, తిత్తు లూదినవారును ఈ దేశపువారే యని చెప్పుటకు పెద్ద విచారణ యక్కరలేదు. రేమండు పేరు నిలిచినది. వారి పేర్లు ఏ శిలమీదను లేవు.

రేమండు 1798 మార్చి 25వ తేదీన మరణించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన నిజాము కంపెనీతో సంధి చేసికొని, ఫ్రెంచి పటాలములను రద్దుచేయ నొప్పుకొనెను. అక్టోబరు నెలలో జీతములు రాక కలవరపడిన ఆ సిపాయిలను కంపెనీ సేనలు చుట్టుముట్టగా, పదివేలకు పైబడినవారు ఒక్కనాటిలో ఆయుధములు క్రిందబెట్టిరి. ఈ పనిని నడపినవారిలో ముఖ్యుడు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్కు. ఇతడే తరువాత రెసిడెంటై, 1803లో మూసీనదికి ఉత్తరపుటొడ్డున, శామ్యూల్ రస్సెల్ వ్రాసిన పటము ననుసరించి, నిజాము సొమ్ముతో, కోఠీ రెసిడెన్సీ భవనమును కట్ట నారంభించెను. ఎత్తయిన స్తంభములు, మెట్ల కిరుప్రక్కల సింహములు, నుదుట కంపెనీ బిరుదుముద్ర, ఇవన్నియు గెలిచినవాని గర్వమును చాటునట్టివి. 1857 జులై 17వ తేదీన తుర్రేబాజుఖానును, మౌల్వీ అలాఉద్దీనును పడగొట్టదలచినది ఆ గర్వమునే. కాబట్టి తోప్ కా సాంచాయు, రెసిడెన్సీయు వేర్వేరు కథలు కావు. ఒకదాని కొలిమి చల్లారుటయే రెండవదాని పునాది. ఒకే యూరిలో, నడచి చేరదగిన దూరమున, ఓడినవాని కార్ఖానాయు గెలిచినవాని మేడయు రెండును నేటికిని నిలిచియున్నవి. ఈ సంగతి బోధించు పాఠ్యపుస్తకము మాకు కానరాలేదు.

రెండింటికిని పిమ్మట పట్టిన గతులను పోల్చి చూడుడు. రెసిడెన్సీకి 1949లో స్త్రీల కళాశాల వచ్చెను. దర్బారు జరిగిన సావడిలో మన యాడుపిల్లలు పుస్తకములు పట్టుకొని తిరిగిరి. పైకప్పులు చెడినపుడు, గోడలు నెఱ్ఱెలిచ్చినపుడు, దానిని బాగుచేయుడని యడుగుటకు అధ్యాపికలును విద్యార్థినులును ఉండిరి. ఆ మొర సముద్రముల దాటి వినబడి, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండువారు 2002లో దానిని ఆపదలోనున్న కట్టడముల పట్టికలో చేర్చిరి; తరువాత మరమ్మతులును జరిగెను. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. దొరల గడీల నెదిరించిన రజకస్త్రీ పేరు, నిజాము దర్పమును కొలుచుటకు వచ్చిన దొర కట్టించిన మేడకు! ఇంతకంటె యుచితమైన మార్పు మాకు తోచదు. ఆ కట్టడమును కాపాడినది సున్నమును రాయియు కాదు, దానియందు ప్రతియుదయము ప్రవేశించిన యువతులు.

తోప్ కా సాంచాకు వచ్చిన క్రొత్త యుపయోగ మేమి? చిరునామా యగుటయే. పేటకు దాని పేరు పెట్టిరి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017లో పెద్ద బ్యాంకులో కలియువరకు తన ప్రధాన కార్యాలయమున కా పేటనే చిరునామాగా వ్రాసికొనుచుండెను. 1907లో స్థాపింపబడిన మహబూబియా బాలికల పాఠశాలయు ఆ పేటలోనిదే. పేరు ఇందరి కుపయోగపడినది. కట్టడ మెవ్వరికిని ఉపయోగపడలేదు. పురావస్తుశాఖవా రది సంరక్షిత కట్టడ మనిరి. సంరక్షణమనగా మన దేశమున సామాన్యముగా నేమో చదువరులెరుగుదురు: ఒక పలక, ఒక కంచె, కంచెకొక తాళము. చెడుపువారు రాకుండుటకు వేసిన తాళము చూడవచ్చువారినిగూడ బయటనే నిలుపును. తాళము వేసిన ఇంటిలో చెట్లు మొలచును గాని జ్ఞాపకము మొలవదు.

దీనికి మూడు ఆక్షేపణలు మేము వినియున్నాము. మొదటిది, అది పరదేశి కట్టించినది, మనకేల యనునది. ఇట్లనువారు ఫిరంగి యను మాటయొక్క పుట్టుకను చూడవలెను. ఫ్రాంకుల పేరునుండి పుట్టి, పారసీక భాషలో పరదేశీయుడను నర్థము గలిగి, తెలుగున ఆయుధమునకు పేరైనది. ఆ మాటను మనము వెలివేసితిమా? రేమండునే ఈ యూరివారు వెలివేయలేదు. అతనిని హిందువులు మూసారామనియు, ముసల్మానులు మూసారహీమనియు పిలుచుకొనిరి. మూసారాంబాగు అతని పేరిటిదే. అతని సమాధిమంటపము 2001లో వానలకు కూలగా తిరిగి కట్టిరి. మనిషి సమాధిని నిలుపుకొన్నవారు అతని పనిని విడిచిరి, అదియే మాకు విడ్డూరము.

రెండవ యాక్షేపణ, యుద్ధ సాధనములు చేసిన చోటును గౌరవించుట శాంతికాములకు తగదనునది. ఇది వినుటకు సొంపుగా నున్నది. కాని వెనిసు నగరమున నౌకలను ఆయుధములను తయారుచేసిన ఆర్సెనాలెయందు 1980నుండి కళాప్రదర్శనములు జరుగుచున్నవి. న్యూయార్కులో 1880లో తెరచిన ఏడవ రెజిమెంటువారి ఆయుధశాల పార్క్ ఎవెన్యూమీద నేటికిని నిలిచియుండి, 2007నుండి సంగీత నాటకములకు నెలవైనది. అదే భవనమున ఇల్లులేని స్త్రీలకు ఆశ్రయమును కలదు. ఆయుధశాలలోనికి అనాథ స్త్రీ వచ్చి సుఖముగా నిద్రించుటకంటె శాంతికాములకు కావలసినదేమి? గోడలను పడగొట్టినచో యుద్ధము మాసిపోదు, యుద్ధమును గూర్చిన తెలివి మాసిపోవును.

మూడవది కొంత బరువైనది. ఆ మహాభవనములు వేరు, ఇది శిథిలము, ఇందేమి నడపగలము? నిజమే. గోలకొండలో బాలాహిస్సారు ద్వారమునొద్ద మూడంతస్తుల సిలాఖానా యున్నది, అదియు ఆయుధశాలయే. దాని కేయుపయోగము లేకున్నను నష్టములేదు, కోటయంతయు దానికి తోడున్నది, చూడవచ్చువా రెప్పుడు నుందురు. నగరమధ్యమున నొంటిగా నున్న తోప్ కా సాంచా కా భాగ్యము లేదు. భూమివెల పెరుగుచున్న చోట ఊరకయున్న గోడ ఎల్లకాల మూరకయుండదు. చట్టము దయయు చంచలమే. ప్రాచీన కట్టడములను కాపాడుటకై నగరాభివృద్ధి నిబంధనలలో నుండిన 13వ నిబంధన 2015లో తొలగింపబడెను. మా పేటకు రెండు మెట్రోస్టేషనుల యవతల, పంజాగుట్టనంటి యున్న ఎర్రమంజిల్ భవనమును కూల్చి అసెంబ్లీ కట్టదలచిన మంత్రివర్గపు తీర్మానమును 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయుటచే ఆ మేడ దక్కినది. అంత పెద్దమేడకు న్యాయస్థానముదాక పోరాడువారు దొరకిరి. ఈ గోడల కెవరు దొరకుదురు?

పనికి పెద్ద భవన మక్కరలేదు. కంచె తాళము తీసి, గోడల బలహీనపు తావులను సున్నముతోనే బాగుచేసి, నీడకొక పందిరి వేసి, మట్టియచ్చు ఎట్లు చేయుదురో, లోహమెట్లు పోయుదురో, గొట్టమెట్లు తొలుతురో నమూనాలతో చూపు చిన్నశాల నొకదాని నచట నుంచవచ్చును. తెలుగు, ఉర్దూ, ఆంగ్లము మూడుభాషలలోను వ్రాత యుండవలెను. రసాయనశాస్త్రము చెప్పు అధ్యాపకుడు కంచుయొక్క పాళ్లను, చరిత్ర చెప్పునతడు 1798వ సంవత్సరమును అచ్చటనే చెప్పవచ్చును. ఆ ప్రాంతపు బడుల బాలికలకు నెలకొకనాడు ఆ తలుపు తెరచినను చాలును. మా తరగతిలో పోలీసుఠాణా యని యూహించిన బాలిక తండ్రి నచటికి తీసికొనిపొమ్మని యడిగినదట. గుమ్మమువరకు పోయి చూచి వచ్చిరి, తాళము వేసియున్నదట.