రెండంగుళాల అవసరం

మా మేనల్లుడికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో అమ్మకి చీర, నాన్నకి వాచీ కొన్నాక, తనకంటూ ఏదైనా కొనుక్కోవాలనిపించిందట. ఆదివారం భోజనాలయ్యాక పక్కన కూచుని ఫోన్ చూపించాడు.

"మావయ్యా, ఇదెలా ఉంది?"

నల్లటి మడత చాకు. విప్పితే జానెడు దాటేలా ఉంది. వీపు మీద రంపం పళ్ళు, పిడి చివర కారు అద్దం పగలగొట్టే మొన, పక్కన తాళ్ళు తెంపే కొక్కెం.

"బాగానే ఉందిరా. దీంతో ఏం కోస్తావు?"

"ఏదైనా కోయొచ్చు."

"ఏదైనా అంటే?"

కాసేపు ఆలోచించాడు. "కొరియర్ డబ్బాలు."

వంటింట్లోంచి వాళ్ళమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో నేనూ అంతే. "ఒక పని చేద్దాం. ఈ వారం రోజులూ నువ్వు ఏం కోస్తే అది చీటీ మీద రాయి. నేనూ రాస్తాను. వచ్చే ఆదివారం చీటీలు చూసి కొందాం" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు కానీ కాదనలేదు.

నా చీటీ ఇదీ. సోమవారం: కొరియర్ టేపు, కొత్త చొక్కాకి ధర చీటీ కట్టిన ప్లాస్టిక్ తీగ, బీపీ మాత్ర సగానికి. మంగళవారం: చెత్తలో వేయడానికి ఒక అట్టపెట్టె ముక్కలు చేయడం. బుధవారం: మాత్ర, పూల పొట్లం దారం, మనవరాలి పెన్సిల్. గురువారం: ఆఫీసులో జామకాయ, నలుగురికి ఎనిమిది ముక్కలు. శుక్రవారం: మాత్ర, బియ్యం బస్తా కుట్టు. ఆ కుట్టుకి సరైన కొస పట్టి లాగితే దానంతటదే జర్రున ఊడుతుందంటారు. నాకు ఆ కొస ఇంతవరకు దొరకలేదు. శనివారం: బత్తాయి, హోటల్ నుంచి తెచ్చిన సాంబారు పొట్లం ముడి. ఆదివారం: మాత్ర, పాత చాప అంచున వేలాడుతున్న పోగులు.

మొత్తం పద్నాలుగు పనులు. నా జేబు చాకు రెండంగుళాలది. అంతకంటే పొడుగు చాకు ఉంటే బాగుండుననిపించినవి రెండే: జామకాయ, బత్తాయి. అవి కూడా రెండంగుళాలతో తెగాయి, కాకపోతే కాయని చుట్టూ తిప్పి కోయాల్సి వచ్చింది.

చాకు విషయంలో మన భాషది ఒక దారి, మనది ఒక దారి. చురుకైన పిల్లవాణ్ణి "చాకులాంటి కుర్రాడు" అని మెచ్చుకుంటాం. అదే కుర్రాడి జేబులో చాకు కనిపిస్తే "ఇదెందుకురా నీకు?" అని కంగారుపడతాం. ఈ కంగారులో సగం పాపం సినిమాలది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో తయారయ్యే రాంపురీ చాకుని హిందీ సినిమా రౌడీలు టక్కున విప్పి విప్పి దాని పరువు తీశారు. ఆ ఊరివాళ్ళు మాత్రం దాన్ని ఊరి గుర్తుగానే చూసుకుంటున్నారు. 2023లో ఒక చౌరస్తాలో ఇరవై అడుగుల చాకు నిలబెట్టి, దానికి చాకూ చౌక్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

నిజానికి చిన్న చాకు రౌడీలది కాదు, రాతగాళ్ళది. ఇంగ్లీషువాళ్ళ పెన్ నైఫ్‌కి ఆ పేరు వచ్చింది పక్షి ఈకల కలాల మొన చెక్కడం వల్లే. మన దగ్గర తాటాకుల మీద రాసేవాళ్ళకీ గంటంతో పాటు ఆకు కోసుకునే చిన్న కత్తి ఉండాల్సిందే. గంటం, కత్తి రెండూ ఒకే పిడిలోకి మడిచిపెట్టే పనిముట్లు దక్షిణాదిలో చేసేవారు, మ్యూజియంలలో ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే జేబు చాకు మన పూర్వపు గుమాస్తాల సామగ్రే. కాలమ్ రాసుకునే నాలాంటివాడి జేబులో అది ఉండటంలో వింతేమీ లేదు.

ఇక ఏది కొనాలన్న మాట. బజారులో వందల రకాలున్నా, రోజువారీ చిన్న పనులకి నేను మనసులో పెట్టుకుని పోల్చి చూసేవి రెండే.

మొదటిది ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల పక్కన సవోయ్ ప్రాంతానిది. పనిముట్లు చేసే కమ్మరి కొడుకు జోసెఫ్ ఒపినెల్, 1890లో తన ఊరి రైతుల కోసం చేసిన మడత చాకు. బీచ్ చెక్క పిడి, అందులో ఒక గాడి, గాడిలో ఒక రేకు, రెంటినీ కలిపే ఒక మేకు. అంతే. 1897 నాటికి 1 నుంచి 12 దాకా సైజులు చేశాడు. తర్వాత 1, 11 సైజులు మానేశారు. ఒకటి మరీ చిన్నది, పదకొండుకి అటూ ఇటూ ఉన్నవే సరిపోయాయి. 8వ నంబరు అన్నిటికంటే పేరు పొందింది. దాని రేకు 8.5 సెంటీమీటర్లు. 1955లో మెడ దగ్గర తిరిగే ఒక ఉక్కు ఉంగరం చేర్చారు. చాకు విప్పి ఉంగరం తిప్పితే రేకు వేళ్ళ మీదకి మడత పడదు.

రెండోది స్విట్జర్లాండ్‌ది. ఇబాక్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కొలిమి, 1891లో సైన్యానికి చాకులు అందించింది. తుపాకీ విప్పాలి, డబ్బా మూత తెరవాలి, రొట్టె కోయాలి. సిపాయికి కావాల్సింది ఇంతే. 1897 జూన్ 12న నమోదైన ఆఫీసర్ చాకులో కిటుకు ఏమిటంటే, వీపున ఉన్న ఒకే స్ప్రింగుతో అటు కొన్ని, ఇటు కొన్ని పనిముట్లు నడుస్తాయి. అందుకే అన్ని పరికరాలున్నా పిడి లావెక్కలేదు. ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కుకి ఫ్రెంచిలో ఉన్న 'ఇనాక్స్' ఆ పేరుకి తోడై 1921లో విక్టోరినాక్స్ అయింది. వాళ్ళ చాకుల్లో 58 మిల్లీమీటర్ల బుల్లిది తాళాల గుత్తికి వేలాడదీసుకోవచ్చు. చిన్న రేకు, కత్తెర, గోరు ఆకురాయి, పళ్ళపుల్ల, పట్టకారు, అన్నీ కలిపి ఇరవై గ్రాముల పైచిలుకు. నా చీటీలోని పద్నాలుగింటిలో పన్నెండు దాంతో అయిపోయేవే.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఏం చూసుకోవాలో తెలిసిపోతుంది. మొదట రేకు మందం. పొడుగు కంటే ఇదే ముఖ్యం. నల్లరంగు పూసిన వీరుల చాకులన్నీ మందంగా ఉంటాయి. వాటితో జామకాయ కోస్తే కాయ తెగదు, పగులుతుంది. పలచటి రేకు తనంతట తాను దిగుతుంది.

తర్వాత ఉక్కు. కార్బన్ ఉక్కు సులభంగా పదునెక్కుతుంది. కానీ పుల్లమామిడి కోసి తుడవకుండా పెడితే అరగంటలో నల్లబడుతుంది, మర్నాటికి తుప్పు చుక్కలు వేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు, తుడవడానికి బద్ధకించేవాళ్ళు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మంచిది. చెక్క పిడికి మరో సంగతుంది. వానాకాలంలో తడి పీల్చి ఉబ్బితే రేకు గాడిలో బిగుసుకుపోతుంది. ఎండాక మామూలవుతుంది, అంతవరకు గోళ్ళతో కుస్తీ పట్టాలి.

మూడోది తెరవడం. కొట్లోనే విప్పి చూడండి. గోటి గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే రావాలి, గోరు విరగకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వాడేదైతే వాళ్ళ చేతికే ఇచ్చి విప్పించండి.

నాలుగోది మూయడం. దీని గురించి నా ఎడమ చూపుడువేలు చెబుతుంది. చాలా ఏళ్ళ కిందట ఒక రైల్వే స్టేషన్ బయట తోపుడుబండి మీద పద్నాలుగు పరికరాల చాకు కొన్నాను. అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచాను, నడుము తగ్గింది, బెల్టుకి కొత్త కన్నం కావాలి. చాకు మొన తోలులో గుచ్చి బలంగా నొక్కాను. తోలు లొంగలేదు, చాకు లొంగింది. స్ప్రింగు బలం మీద మాత్రమే నిలబడే చాకుని మొనతో పొడిస్తే అది వెనక్కి మడత పడుతుంది. ఆ మడతలో నా వేలుంది. మూడు కుట్లు. తప్పు బండివాడిది అనుకున్నాను చాలాకాలం. బండివాడు నన్ను పొడవమనలేదు కదా. తాళం లేని చాకు కోయడానికే, పొడవడానికి కాదు. కన్నం కావాలంటే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర ఆరె ఉంటుంది, రెండు నిమిషాల పని.

ఇవన్నీ చూసి కొన్నా, పదును పెట్టుకోవడం రాకపోతే ఏ చాకైనా ఆరు నెలలే. మొద్దు చాకుకి బలం ఎక్కువ కావాలి. బలం ఎక్కువైన చోటే చెయ్యి జారుతుంది. వీధిలోకి వచ్చే సాన చక్రం కత్తిపీటకి సరే. పలచటి చాకుని ఆ చక్రం మీద పెడితే వాదర వేడెక్కి ఉక్కు మెత్తబడుతుంది, రేకు అరిగిపోతుంది. నేను రాత్రి వార్తలు వింటూ ఒక చిన్న సానరాయి మీద చేసుకుంటాను. రాయి తడుపుతాను. రేకు పడుకోబెట్టి, వీపు వైపు కొంచెం ఎత్తుతాను. ఎంత ఎత్తాలంటే, కింద రెండు పది రూపాయల బిళ్ళలు పట్టేంత. అర అంగుళం వెడల్పు రేకుకి ఆ వాలు సరిపోతుంది. రాయి పైపొర చెక్కుతున్నట్టు ముందుకి తోస్తాను. ఒకవైపు పదిసార్లు తోశాక అవతలి వైపు బొటనవేలితో అడ్డంగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. ఉక్కు అంచు కంటికి కనపడనంతగా అవతలికి ఒరిగిందన్నమాట. అప్పుడు తిప్పి రెండోవైపు. చివర చెయ్యి బరువు కూడా వేయకుండా ఒక్కోవైపు ఒక్కోసారి, ఆ గరుకు పోయేదాకా. రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది, అత్యవసరానికి అదే సాన. పదును చూడటానికి వేలు అక్కర్లేదు, న్యూస్‌పేపర్ చాలు. కాగితం పైఅంచు మీద పెట్టి లాగితే చిరగకుండా తెగాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. 9 అంగుళాలు దాటిన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన రేకులున్న కత్తులను, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి కాకపోతే, మన ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. మన రెండంగుళాలవి ఆ దరిదాపుల్లో ఉండవు. అయినా బొత్తాం నొక్కితే తెరుచుకునే రకాల జోలికి పోవద్దు. సభలకి, పరీక్షలకి, కోర్టులకి తీసుకెళ్ళొద్దు. విమానం ఎక్కేటప్పుడు చెక్-ఇన్ సామానులో పెట్టండి. జేబులో మరిచిపోతే భద్రతా తనిఖీలో దానికి నీళ్ళు వదులుకోవాల్సిందే. నేను అలా ఒకటి వదులుకున్నాను.

తర్వాతి ఆదివారం మేనల్లుడు చీటీ తెచ్చాడు. తొమ్మిది పనులు. ఆరు కొరియర్ టేపులు, ఒకటి చిప్స్ ప్యాకెట్, ఒకటి చార్జర్ తీగకి చుట్టిన బిగింపు, ఒకటి యాపిల్.

"మావయ్యా, ఇందులో అద్దం పగలగొట్టే పని ఒక్కటీ లేదు" అన్నాడు.

"యాపిల్ దేంతో కోశావు?"

"నోటితో."

వాళ్ళమ్మ మళ్ళీ నవ్వింది, ఈసారి నేనూ నవ్వాను. నా బల్ల సొరుగులో వాడకుండా ఉన్న 58 మిల్లీమీటర్లది ఒకటి తీశాను. మా ఇంట్లో కత్తి చేతిలోంచి చేతికి ఇవ్వరు, గొడవలొస్తాయని. బల్ల మీద పెట్టాను, వాడు తీసుకున్నాడు. తాళాల గుత్తికి తగిలించి రెండుసార్లు విప్పి మూశాడు. నల్లటి చాకు ఫోటో ఫోన్‌లోంచి తీసేశాడో లేదో నేను అడగలేదు.

మీరూ కొనాలనుకుంటే ముందు వారం రోజులు చీటీ రాయండి. చీటీలో పండ్లు ఎక్కువుంటే మూడంగుళాల పలచటి రేకు, టేపులు, దారాలు ఎక్కువుంటే రెండంగుళాలు. వారానికి నాలుగైదు పనులు కూడా తేలకపోతే డబ్బులు దాచుకోండి, ఇంట్లో ఉన్న కత్తెర చాలు.