నీడ లేనిదానికి నీడ

దయ్యమునకు నీడ యుండదనియు, దాని పాదములు వెనుకకు తిరిగియుండుననియు మా ఆత్మకూరులో అవ్వ నాకు గోరుముద్దలతోబాటు నూరిపోసినది. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుండి చలనచిత్రములకు దయ్యములను చేసిపెట్టుటయే జీవనోపాధిగా గల నాకు ఇందులో రెండవ మాటయే అక్కరకు వచ్చినది. మొదటిది తలవంపులు తెచ్చినది.

1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి గెలుచుకొన్న ఉదయగిరి దుర్గపు శిథిలముల నడుమ, ఒక స్త్రీరూపము రాత్రివేళ నడచిపోవలసిన దృశ్యమది. కురులలో పాయపాయకును గాలి కదలికనిచ్చితిని. పాదములు వెనుదిరిగినవి గనుక మడమకు మారుగా వ్రేళ్లు ముందు నేలనంటునట్లు నడక దిద్దితిని. నీడను మాత్రము, అవ్వ మాట దాటలేక, వేయనైతిని. పండుగకు ఊరికి పోయి చూపగా ఆ అవ్వయే, "ఏందబ్బయ్యా, దయ్యమంటివి, గోడకు అంటిచ్చిన బొమ్మ మాదిరుండాదే!" అని నవ్వినది.

తోలుబొమ్మలాటలు చూచి పెరిగిన కన్ను గదా! తెరకానించిన బొమ్మకు అంచు కత్తితో కోసినట్లుండును; దీపమువైపు జరిపినకొలది నీడ పెరిగి, అంచు మసకబారును. నేనును పాదము నేలనంటిన చోట చిక్కనై, దూరమైనకొలది పలుచనగు నీడను వేసితిని. కోటగోడ నలుపును మించిన నలుపు ఆ రూపమునందు లేకుండ సరిచూచితిని. సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకనుల నడకకు 120. ఒక్కదానిలో పాదము జారినను భయము పోయి నవ్వు మిగులును.

కోడి రామకృష్ణగారి భయానక చిత్రము 'అరుంధతి' 2009లో వచ్చినది. దానిని చిత్రించిన బనగానపల్లె నవాబు బంగ్లాను జనులు నేటికిని అరుంధతి బంగ్లా యనియే పిలుచుచున్నారు. కథలోని భయము కంటికెదురుగా నిలిచిన రాతిగోడను పట్టుకొని బ్రదుకుచున్నదన్నమాట. లేనిదానిని నమ్మింపవలెనన్న, అది ఉన్నదానినెక్కడనో తాకవలెను. ఆ తాకిన చోటనే మా పనియంతయు నున్నది.

మరుసటి మారు చూపినప్పుడు నీడ యొకటి వచ్చి చేరినదని అవ్వ గుర్తింపనేలేదు. కొంతసేపు మాటలేక కూర్చుండి, నేను లేచి స్విచ్చువైపు చేయి చాపగా మెల్లగా అన్నది: "లైటు ఆర్పబాక అబ్బయ్యా."