బీదరు కమాను, మెదక్ కమాను

మా నారాయణఖేడ్ నుంచి పడమటికి పోతే బీదరు, తూర్పుకు పోతే మెదక్. బీదరు పక్క నుంచి వచ్చే మంజీర సంగారెడ్డి వైపు దిగి, మళ్లీ ఉత్తరానికి మళ్లి మెదక్ పక్కగా నిజాంసాగర్ చేరుతుంది. మేమున్నది ఆ వంపు లోపల. బట్టలకో ఆస్పత్రికో బీదరు పోతాం. ఏడుపాయల జాతరకో క్రిస్మస్‌కో మెదక్ వైపు పోతాం. ఇన్నేళ్లు అటూ ఇటూ తిరిగి కూడా నేను ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. రెండు ఊళ్లలోనూ జనం తలెత్తి చూసేది ఒకే ఆకారాన్ని: కొస తేలిన కమానును.

బీదరులో అది మహమూద్ గవాన్ మదర్సాలో ఉంది. 1472లో కట్టారు. 1696లో మందుగుండు పేలి ముందు భాగం కూలిపోగా మిగిలిన గోడల్లో ఇప్పటికీ ఆ కమానులు నిలబడి ఉన్నాయి. మెదక్‌లో అది చర్చిలో ఉంది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న తెరుచుకుంది. ఒకదాన్ని ఇస్లామీ శైలి అంటారు, ఇంకొకదాన్ని గోథిక్ అంటారు. కొస తేలిన కమాను యూరపుకు అరబ్బు దేశాల నుంచే వెళ్లిందని చాలామంది చరిత్రకారుల మాట. అదే నిజమైతే మెదక్ కమానూ బీదరు కమానూ దూరపు చుట్టాలన్నమాట. ఒకటి భూమార్గాన మనకు చేరింది, రెండోది ఇంగ్లండు చుట్టి ఓడెక్కి వచ్చింది.

కమాను గొప్పతనం తెలియాలంటే ముందు దూలం సంగతి చూడాలి. 1213 నాటి రామప్ప గుడి దూలం మీద నిలిచింది: రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఒక రాయి. రాయిని ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది గానీ వంచితే పగులుతుంది. అందుకే రాతి దూలం పొడవుకు హద్దుంది, అందుకే మన గుళ్లలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. కమానులో వంగే రాయే లేదు. పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కిన రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి. కింద చెక్కతో అచ్చు కట్టి, రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి రాయి దిగేసి, తర్వాత అచ్చు ఊడదీస్తారు. ఇవాళ స్లాబు పోసేవాళ్లు సెంట్రింగ్ అంటున్నది ఆ అచ్చునే. పని వేరైనా మాట మిగిలింది.

మరి కొస ఎందుకు తేల్చాలి? అర్ధచంద్రంలాంటి గుండ్రటి కమాను ఎత్తు దాని వెడల్పులో సగమే. వెడల్పు పెంచకుండా ఎత్తు పెంచలేం. కొస తేలితే ఆ బంధం తెగిపోతుంది, సన్నని సందు మీద కూడా ఎంత ఎత్తైనా లేపవచ్చు. పైగా బరువు పక్కలకు తన్నేది తగ్గి కిందికి దిగేది పెరుగుతుంది. గోడకు లావు అక్కర్లేదు, బయట ఆనుడు గోడలు పెడితే చాలు. గోడ పలచబడితే అందులో పెద్ద కిటికీ పెట్టొచ్చు. కిటికీ పెద్దదైతే రంగుటద్దాలు వస్తాయి. మెదక్ చర్చిలో చూసేవాళ్లను నిలబెట్టే ప్రతి వింతా ఈ లెక్క నుంచి పుట్టిందే.

ఈ విద్య ఇంగ్లండులో పెరిగిన చోట్లలో ప్రయరీలు ముఖ్యమైనవి. ప్రయరీ అంటే ఒక రకం మఠం. సన్యాసులు ఉండే ఇళ్లు, పొలాలు, మధ్యలో ఒక పెద్ద చర్చి, వీటన్నిటి మీద ‘ప్రయర్’ అనే పెద్ద. 1093లో పునాది వేసిన డరమ్ కెథెడ్రల్ అలాంటి మఠమే. దాని కప్పులో కొస తేలిన కమానులు 1133 నాటికే వచ్చాయి. మనకు దగ్గరి పోలిక కావాలంటే గుంటూరు సీమలోని మందడం చూడండి. 1261 నాటి మల్కాపురం శాసనం అక్కడి గోళకీ మఠం గురించి చెబుతుంది. గణపతిదేవుడు ఇచ్చిన ఊరితో గుడి, చదువు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిచాయి. ఇంగ్లండు ప్రయరీలను ఎనిమిదో హెన్రీ మూయించాడు. గ్రేట్ మాల్వర్న్ అనే ఊళ్లో 1085లో పుట్టిన ప్రయరీ పోయింది గానీ, దాని చర్చిని ఊరివాళ్లు 1541లో ఇరవై పౌండ్లకు కొనుక్కున్నారు. అందులోని పదిహేనో శతాబ్దపు రంగుటద్దాలు అందువల్లే మిగిలాయి. ఈ ముచ్చట నాకెంత ఇష్టమో చెప్పలేను. ఊరు చందా వేసుకుని గుడి కాపాడుకోవడం మనం ఎరుగనిదా!

మెదక్‌కు వద్దాం. వెస్లియన్ మిషన్ తరఫున 1895లో సికింద్రాబాద్ వచ్చిన చార్లెస్ వాకర్ ఫాస్నెట్ తర్వాత మెదక్‌లో స్థిరపడ్డాడు. 1914లో కరువు. తిండికి వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా చర్చి పనిలో పెట్టుకున్నాడనీ, కూలి గింజల రూపంలో ఇచ్చాడనీ మెదక్‌లో ఎవర్నడిగినా చెబుతారు. పదేళ్లు సాగిన పని అది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. లోపల అయిదు వేల మంది పడతారు. నక్షా ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థది. నేల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయనీ, వాటిని ఇటలీ మేస్త్రీలు పరిచారనీ అంటారు. రాయి మాత్రం ఇక్కడిదే.

ఆ రాయిని గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. మా ఖేడ్ వైపు నల్లరేగడి, దాని కింద నల్లరాయి. బీదరు గుట్ట మీద ఎర్రటి జేగురు రాయి, తీసినప్పుడు మెత్తగా ఉండి గాలికి గట్టిపడుతుంది. మెదక్ వైపు పోతుంటే గ్రానైట్ గుండ్లు మొదలవుతాయి. గ్రానైట్ లొంగే రాయి కాదు. బండ మీద గీత గీసి, ఆ గీత వెంట వరసగా గుంటలు తొలిచి, గుంటకో ఇనుప చీల దిగేసి, ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ చొప్పున ఇటు చివరి నుంచి అటు చివరికి కొట్టుకుంటూ పోవాలి. ఒకే చీల మీద బలం పెడితే బండ అడ్డదిడ్డంగా విరుగుతుంది. రాళ్లు కొట్టి బతికిన ఒక వడ్డెర పెద్దాయన్ని, బండ లోపల చీలిందని ఎట్ల తెలుస్తదని అడిగాను.

“సప్పుడు మారుతది బిడ్డా. అప్పటిదాక ఖంగుమంటది. లోపల పగిలిందా, బొంగురువోతది. అప్పుడు సమ్మెట ఆపాలె. ఇంకొక్కటి ఏస్తే పాడైతది.”

బోల్టన్‌లో నక్షా గీసినవాళ్లకు ఈ సప్పుడు తెలిసే వీలు లేదు. చర్చి చూసిన ప్రతిసారీ ఫాస్నెట్ పేరు చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ గ్రానైట్‌ను కమాను లెక్కకు తెచ్చిన చేతుల పేర్లు మాత్రం మనం చెప్పుకోం.

మెదక్ చర్చి మీద ఒక ఫిర్యాదుంది: అది పూర్తిగా పరాయి రూపమని. డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య అక్కడ కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్‌తో పోల్చి అనే మాట అది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో మంటపం స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. ఆలోచనగా డోర్నకల్ గొప్పది, ఒప్పుకుంటాను. కానీ బీదరు కమాను చూస్తూ పెరిగిన నాకు మెదక్ కమాను పరాయిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇక అద్దాలు. మూడు పెద్ద కిటికీలు, మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ పనే: ఉత్తరాన బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం (1927), పడమట జననం (1947), తూర్పున సిలువ (1958). రాజులూ ప్రధానులూ తమ బొమ్మలు గీయించుకున్న చిత్రకారుడాయన. అయితే కుర్రతనంలో పని నేర్చింది అన్న నడిపిన రంగుటద్దాల కార్ఖానాలో. ఆఖరి కిటికీ నాటికి ఎనభై దాటాయి. పాత యూరపు చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉండటం ఆనవాయితీ. ఇక్కడ అది ఉత్తరాన ఉంది. దాంతో ఆరోహణం కిటికీకి రోజంతా ఒకే తీరు నిదానమైన వెలుగు, మిగతా రెంటికీ పూటకో తీరు.

ఇది అద్దం మీద రంగు పూసిన పని కాదు. అద్దం కరిగించేటప్పుడే కోబాల్ట్ కలిపితే నీలం, బంగారమో రాగో కలిపితే ఎరుపు. నక్షా ప్రకారం ముక్కలు కోసి, ముఖాలూ బట్టల మడతలూ నల్లటి పొడిరంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. వెండి లవణం పూసి కాలిస్తే పసుపు దిగుతుంది. తర్వాత రెండు వైపులా గాడి ఉన్న సీసపు పట్టీల్లో ముక్కలు ఇరికించి అతుకులు పోస్తారు. మనకు బొమ్మ గీతలుగా కనిపించే ఆ నల్లటి గీతలు నిజానికి సీసం. పగలు బయటి నుంచి చూస్తే ఇదంతా మసిబట్టిన గాజులా ఉంటుంది.

క్రిస్మస్ నాడు మొదటి ఆరాధన తెల్లవారకముందే మొదలవుతుంది. అప్పుడు కిటికీలు నల్లగా ఉంటాయి. వేలమంది పాడుతూ ఉండగా తూర్పు కిటికీలో ముందు నీలం తేలుతుంది, చాలాసేపటికి గానీ ఎరుపు రాదు. మసక వెలుతురులో మన కంటికి ముందు అందేది నీలమే, ఎరుపుకు వెలుగు ఎక్కువ కావాలి. నేను చూసినప్పుడు పక్కన కూర్చున్న ముసలమ్మ పాట ఆపేసి ఆ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది.

2024లో చర్చికి నూరేళ్లు ఘనంగా జరిగాయి, ముఖ్యమంత్రి కూడా వచ్చారు. 2027లో ఆరోహణం కిటికీకి నూరేళ్లు. గ్రానైట్‌కు నూరేళ్లు లెక్క కాదు. సీసం అలా కాదు, ఎండకు సాగి, చలికి ముడుచుకుని, నూరూ నూట యాభై ఏళ్లకు అలిసిపోతుంది. అప్పుడు కిటికీ దించి, ముక్కలు విప్పి, కొత్త సీసంలో మళ్లీ కూర్చాలి. అది చేయగలవాళ్లు మన దేశంలో చాలా తక్కువ. గోపురానికి రంగుల లైట్లు పెట్టే ముందు ఇద్దరు ముగ్గురు మన పిల్లలకు ఆ పని నేర్పించండని చర్చి పెద్దలకూ, పర్యాటకం చూసేవాళ్లకూ నా మనవి.

చూడబోయేవాళ్లకు ఒక మాట. క్రిస్మస్ రద్దీలో అద్దాలు నిదానంగా చూడటం కుదరదు. ఆరాధన లేని ఏదో ఒక మామూలు రోజు, పొద్దున తొమ్మిది లోపు పోయి తూర్పు కిటికీ ఎదురుగా కూర్చోండి. వీలైతే అదే వారంలో బీదరు మదర్సా కూడా చూసి రండి.