నక్షత్రం దించాక

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, వాగ్దానం కార్డులు పంచుకోవడం అయిపోతే మా బాగేపల్లి తాలూకా క్రైస్తవుల ఇళ్లల్లో పండగ సద్దుమణుగుతుంది. వాకిట్లో కాగితపు నక్షత్రాన్ని దించేస్తారు. పండగకొచ్చిన పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ఇక పితికిపప్పు రోజులు. చాకవేలు చుట్టుపక్కల అరుగుల మీద నానిన అనపగింజల గిన్నెలు కనిపిస్తాయి. బొటనవేలితో, చూపుడువేలితో ఒత్తితే పొట్టు చేతిలో మిగిలి, పప్పు జారి పళ్లెంలో పడుతుంది.

నాకు కనిపెట్టు ప్రార్థన అసలు రుచి తెలిసేది ఈ రోజుల్లోనే. కోరికల చిట్టా విప్పే ప్రార్థన కాదిది. వాక్యం చదువుకుని, నోరు కట్టుకుని దేవుని సన్నిధిలో కూర్చోవడమే. కూర్చున్న కాసేపటికే మనసు పొలం మీదికి పోతుంది. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తారు, బోరులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయి? దాన్ని పట్టుకొచ్చి మళ్లీ కూర్చోబెట్టాలి. సాధనంతా ఇంతే.

లూకా సువార్త రెండో అధ్యాయం పశువుల తొట్టి దగ్గర ఆగిపోదు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డ పుట్టిన నలభై రోజులకు తల్లి శుద్ధి. ఆ లెక్కనే చాలా సంఘాలు ఫిబ్రవరి 2న బాలయేసును దేవాలయానికి తెచ్చిన పండగ చేసుకుంటాయి. గొర్రెపిల్లను ఇచ్చుకోలేని పేదవాళ్లకు రెండు గువ్వలు చాలని ధర్మశాస్త్రం సడలింపు ఇచ్చింది. మరియ, యోసేపులది ఆ పేదల అర్పణే. అంత పెద్ద గుడిలో అలాంటి జంటను ఎవరు పట్టించుకుంటారు? ఇద్దరే గుర్తుపట్టారు: సుమెయోను, అన్న.

అన్న 84 ఏళ్ల విధవరాలు. ఉపవాసాలతో, ప్రార్థనలతో గుడినే అంటిపెట్టుకుంది. రక్షకుడు ఏ రోజు వస్తాడో ఆమెకు తెలియదు. ఏమీ జరగని రోజుల్లోనూ అక్కడే ఉంది కాబట్టి, జరిగిన రోజునా ఉంది. మా మెట్టసీమలో ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. చినుకు పడ్డాక నాగలి వెతుక్కునేవాడికి అదను దాటిపోతుంది.

సుమెయోను తృప్తి ఇంకా వింతైనది. రోము పెత్తనం పోలేదు, జనం బాధలు తీరలేదు. చేతుల్లోకి వచ్చింది నలభై రోజుల పసిగుడ్డు. అయినా ఇక నెమ్మదిగా వెళ్లిపోతానన్నాడు. మనమో, వాగ్దానం కార్డు బైబిల్లో పెట్టుకుని, మార్చి వచ్చేసరికి ఇంకా నెరవేరలేదేమని దేవుణ్ణి నిలదీస్తాం. జవాబు మొత్తం చేతికందాకే స్తోత్రం చెబుతామనడం విశ్వాసం కాదు, బేరం.

ఈ చలిలోనే మా ఇరుగుపొరుగు ధనుర్మాసం పూజలకు తెల్లవారకముందే లేచి తలస్నానం చేస్తారు. గడిదం వెంకటరమణస్వామి గుడికి వెళ్లేవాళ్లూ ఉంటారు. భోగి దాకా వాళ్లు వేళ తప్పరు. పండగ బడలికని దుప్పటి ముసుగేసుకునే మాకు ఆ నియమం నేర్చుకోదగిందే.

అన్న చేసిన పని ఇంకొకటుంది. బిడ్డను చూశాక, తనలాగే ఎదురుచూస్తున్నవాళ్లందరికీ ఆయన సంగతి చెప్పింది. అంటే ఊళ్లో ఎవరెవరు కనిపెడుతున్నారో ఆమెకు తెలుసన్నమాట. మనకు తెలుసా? పిల్లలు వెళ్లిపోయాక ఇంట్లో ఒంటరిగా మిగిలిన అవ్వలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఈ వారం ప్రార్థన వాళ్లింట్లోనే పెట్టుకుందాం.