పదహారు టన్నుల సాక్ష్యం

బ్రిటన్‌లో బొగ్గు మోసిన 16 టన్నుల ఇనుప వ్యాగన్ పొడవు 16 అడుగుల 6 అంగుళాలు, ఇరుసుల మధ్య దూరం 9 అడుగులు. అక్కడి మోడల్ రైల్వే వాళ్లు ఎక్కువగా వాడే ఓఓ స్కేల్లో అడుగుకు 4 మిల్లీమీటర్లు లెక్క. ఆ లెక్కన ఇవి 66, 36 మిల్లీమీటర్లు కావాలి. మోడల్ పక్కన స్కేలు పెట్టి ఈ రెండూ చూడటం నిమిషం పని, చాలామంది పరిశీలన అక్కడితో ఆగిపోతుంది. కొలత తప్పితే మోడల్ తప్పినట్టే, అందులో సందేహం లేదు. కొలత కుదిరిందంటే మాత్రం పరిశీలన మొదలుపెట్టొచ్చని అర్థం, అంతే. తలుపు ఒక సంగతి చెబుతుంది, బ్రేకు ఒకటి, రంగు ఒకటి, నంబరు ఒకటి. ఇవన్నీ ఒకే వ్యాగన్ గురించి, దాని బతుకులో ఒకే కాలం గురించి చెబుతున్నాయా అన్నది నా దృష్టిలో అసలు పరీక్ష.

ఈ వ్యాగన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మొదలై, 1948లో రైల్వేలు జాతీయమయ్యాక బ్రిటిష్ రైల్వేస్ చేతుల్లో రెండు లక్షలకు పైగా తయారైన రకం ఇది. అన్నీ ఒకేలా ఉంటాయనుకునేంత సంఖ్య అది, కానీ అవి ఒకేలా ఉండవు. కొన్ని వెల్డింగు చేసినవి, కొన్ని రివెట్లు కొట్టినవి, కొన్నిటి పక్కలు ఏటవాలుగా ఉంటాయి. యుద్ధం తర్వాత ఫ్రాన్స్ రైల్వేకు వెళ్లి 1950ల మొదట్లో తిరిగొచ్చిన వాటి పక్క తలుపులు బీరువా తలుపుల్లా రెండు వైపులకూ తెరుచుకుంటాయి. మామూలు వాటి తలుపు కిందికి వాలుతుంది, దాని పైన ఇంకో చిన్న రెక్క తలుపు ఉంటుంది. 1970లలో పాత అడుగుచట్రాల మీద కొత్త పెట్టెలు బిగించినప్పుడు ఆ పై రెక్క వదిలేశారు. అందుకే రెక్క లేని పెట్టె మీద 1955 నాటి అక్షరాలు వేస్తే, 66 మిల్లీమీటర్లూ అచ్చంగా ఉన్నా ఆ మోడల్ అబద్ధమే.

బ్రేకు దగ్గర ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. చాలా వ్యాగన్లకు ఉన్నది మోర్టన్ చేతి బ్రేకు. బ్రేకు లివర్ వ్యాగన్‌కు రెండు పక్కలా ఉండి తీరాలని నియమం. ఏ పక్క నిలబడి చూసినా దాని పిడి కుడిచేతి వైపే ఉంటుంది. రెండు బ్రేకు షూల రకంలో ఆ షూలు మాత్రం ఒక పక్క చక్రాలకే ఉంటాయి. అవతలి లివర్ వ్యాగన్ కింద అడ్డంగా పోయే ఒక కడ్డీని తిప్పుతుంది. రెండు లివర్లనూ కిందికే నొక్కితే కడ్డీ ఒక్కో పక్క నుంచి ఒక్కో దిశలో తిరగాలి. అందుకే ఒక పక్క లివర్ మొదట్లో ఆ దిశను తిప్పి ఇచ్చే క్లచ్ పెట్టారు. ఇది అర్థమైన తయారీదారు ఒక పక్కే షూలు పెట్టి, క్లచ్‌ను దాని చోట చూపిస్తాడు. అర్థం కానివాడు అందంగా ఉంటుందని రెండు పక్కలా షూలు పెడతాడు. రంగుకూ ఇదే లంకె ఉంది. 1948 తర్వాతి నియమం ప్రకారం చేతి బ్రేకు మాత్రమే ఉన్న వ్యాగన్‌కు బూడిద రంగు, వాక్యూమ్ బ్రేకు ఉన్నదానికి బాక్సైట్ గోధుమ రంగు. గోధుమ రంగు వేసి కింద వాక్యూమ్ సిలిండర్ పెట్టకపోతే, పైభాగం చెప్పినదాన్ని అడుగుభాగం కాదంటుంది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. ఓఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన అది 4 అడుగుల 1½ అంగుళాలే. అసలు దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. పునాదిలోనే ఏడు అంగుళాలు తగ్గాక క్లచ్ గురించి పట్టింపు ఎందుకంటారు. బ్రిటన్ ఇంజన్లు చిన్నవి కాబట్టి ఆనాటి మోటార్లు వాటిలో పట్టక, పట్టాలను అలాగే ఉంచి పైభాగాన్ని పెంచారు. ఆ సర్దుబాటు అందరికీ తెలిసిందే, దాన్ని ఎవరూ దాచలేదు. అది చాలదనుకున్నవాళ్లు 1960లలోనే 18.83 మిల్లీమీటర్ల ప్రమాణం తెచ్చుకున్నారు. ప్లాస్టిక్ గోడల సంగతీ అంతే. ఒక మిల్లీమీటరు మందమున్న గోడ అసలు వ్యాగన్‌లో 76 మిల్లీమీటర్ల ఇనుప రేకు అవుతుంది, అలాంటిది ఎక్కడా లేదు. అచ్చు పోయడానికి ఆ మందం కావాలి కాబట్టి, కంటికి కనబడే పై అంచును ఆకురాయితో పలచన చేసి సరిపెట్టుకుంటారు. పదార్థం ఒప్పుకోక వదిలేసినదాన్నీ, తెలియక తప్పు చేసినదాన్నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిదాన్ని ఒప్పుకుని ముందుకు పోవచ్చు. రెండోదాన్ని సరిదిద్దడానికి అదనపు ఖర్చేమీ లేదు, చూసి తెలుసుకుంటే చాలు.

ఆడుకునే వస్తువుకు ఇంత విచారణ దేనికన్నది ఇంకో మాట. ఆడుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ ఆ రెండు లక్షల్లో దాదాపు అన్నీ తుక్కుగా పోయాయి. దాచిన కొద్దిపాటివీ తర్వాతి మరమ్మతులతో రూపు మారినవే. ఏ పనివాడు ఏ లివర్ ఎలా నొక్కాడో చేతిలో పట్టుకుని చూడటానికి మిగిలింది మంచి మోడల్. 1950లో ఏర్పడిన హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీ డ్రాయింగులూ ఫోటోలూ పోగుచేస్తూ వచ్చింది ఇందుకే. అందులోనూ డ్రాయింగును గుడ్డిగా నమ్మడానికి లేదు. ఏం కట్టాలనుకున్నారో అది చెబుతుంది, తేదీ ఉన్న ఫోటో ఏం నడిచిందో చెబుతుంది. రెండూ విభేదిస్తే నేను ఫోటో పక్షమే.

ఈ పద్ధతి మన వ్యాగన్లకూ పనికొస్తుంది. సింగరేణి బొగ్గు మోసే బాక్స్‌ఎన్ పొడవు కప్లర్లతో కలిపి 10,713 మిల్లీమీటర్లు, 1:87 స్కేల్లో సుమారు 123. దాని మీది 11 అంకెల నంబరుకు సొంత తనిఖీ ఉంది. మూడు, నాలుగు అంకెలు ఏ రైల్వేదో, ఐదు, ఆరు ఏ ఏడాది తయారైందో చెబుతాయి. చివరి అంకె లెక్క కట్టి వేసేది. మొదటి పదీ 1209113456 అనుకుందాం. 09 దక్షిణ మధ్య రైల్వే, 11 అంటే 2011. సరి స్థానాల్లోని అంకెల మొత్తం 22, దానికి మూడింతలు 66. బేసి స్థానాల మొత్తం 10 కలిపితే 76. తర్వాతి పదికి 4 తక్కువ. మోడల్ మీద ఆఖరున 4 కాక మరే అంకె ఉన్నా, ఆ నంబరును రైల్వే ఏ వ్యాగన్‌కూ ఇచ్చి ఉండదు.